పిట్టముట్టుడుకు టూరిస్టు బస్సు

ఆదివారం పొద్దున జూబ్లీ బస్టాండుకు కామారెడ్డి బస్సులు రెండు వచ్చాయి. రెండూ బాలరాజును ఎక్కించుకోకుండానే వెళ్లాయి. మాఘమాసం, ముహూర్తాల రోజు. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద రుమాళ్లు పడ్డాయి, చున్నీలు పడ్డాయి, ఒక సీటు మీద పెళ్లికి ఇవ్వడానికి కొన్న కుక్కర్ డబ్బా పడింది. తలుపు దగ్గర వేలాడుతున్నవాళ్లు లోపలివాళ్లను జరగమన్నారు. ఎక్కడికి జరగాలో చెప్పమని లోపలివాళ్లు అడిగారు. బాలరాజుకు యాభై దాటాయి. బోయినపల్లిలో టైల్స్ దుకాణంలో స్టోర్ చూసుకుంటాడు. వేలాడే వయసు పోయింది.

ఆయన పోవలసింది ఎల్లారెడ్డి దాటాక నిజాంసాగర్ రోడ్డు మీద ఉన్న సొంతూరికి. అన్న బాలనర్సయ్య శుక్రవారం చనిపోయాడు. ఈరోజు మూడో రోజు, పిట్టముట్టుడు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, ఊరి బయట విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లూ బంధువులూ దూరంగా నిలబడి చూస్తారు. ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ముట్టేదాకా ఎవరూ మెతుకు తినరు.

శుక్రవారం దహనానికి బాలరాజు పోలేదు. అన్న పోయిన సంగతి ఆయనకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. వదిన తమ్ముడు శైలేందర్ తన వాట్సాప్ స్టేటస్‌లో బాలనర్సయ్య ఫొటో పెట్టి దానికి పూలదండ వేశాడు. బాలరాజు దాన్ని దుకాణంలో పెట్టెలు లెక్క చూసుకుంటూ చూశాడు. స్టేటస్ చూసుకుని చావుకు పోవడానికి నేనేమన్నా ఫేస్‌బుక్ దోస్తునా అని ఇంటికొచ్చి భార్య భూలక్ష్మిని అడిగాడు. భూలక్ష్మి చీర మార్చుకుని బస్సెక్కింది. అప్పటినుంచి అక్కడే ఉంది.

తగువు మాత్రం నాలుగేళ్ల నాటిది. అన్న కూతురు హారిక పెళ్లికి కామారెడ్డిలో పత్రికలు అచ్చువేయించారు. ఆహ్వానించేవాళ్ల పేర్లలో ముందు మేనమామ శైలేందర్, ఆ కింద చిన్నాన్న బాలరాజు. ఇంటిపేరు ఉన్నవాడి పేరు పైన ఉండాలని బాలరాజు అన్నాడు. పెళ్లికూతుర్ని గంపలో ఎత్తుకొచ్చే మేనమామ పేరు కింద ఎట్లా ఉంటుందని శైలేందర్ అన్నాడు. బాలనర్సయ్య ఇద్దరూ చెప్పింది విని, పత్రికలు సగం పంచడం అయిపోయిందన్నాడు. బాలరాజు పెళ్లికి వెళ్లాడు, కుర్చీలో కూర్చున్నాడు, అక్షింతలు వేశాడు, తినకుండా లేచి వచ్చాడు. ఆ తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. ఎవరు ముందు ఫోన్ చేయాలన్న దగ్గరే నాలుగేళ్లు గడిచిపోయాయి.

రెండో బస్సు కూడా కదిలిపోయాక బాలరాజు రోడ్డు మీదికి వచ్చాడు. అక్కడ ఒక మినీ బస్సు ఆగి ఉంది. అద్దం మీద ‘పల్లెగాలి: ఒక్కరోజు పల్లె అనుభవం’ అని రాసి, కింద లింగంపేట, ఎల్లారెడ్డి, నిజాంసాగర్ అని ఊళ్ల పేర్లు రాశారు. ఎవరి సీటు వాళ్లు కొనుక్కుని కలిసి వెళ్లే బస్సు. సీటు కొన్నవాళ్లలో ఒకరు రాలేదు. గైడ్ పేరు సిద్దార్థ, పాతికేళ్లుంటాయి. పదిన్నరకల్లా ఎల్లారెడ్డిలో ఉంటామని చెప్పాడు. బాలరాజు ఎక్కాడు.

ఎక్కగానే సిద్దార్థ ఆయన మెడలో ఆకుపచ్చ కండువా వేసి, చొక్కా జేబు మీద ‘పల్లె అతిథి’ అని ఒక స్టిక్కర్ అంటించాడు. బస్సులో అందరికీ అవే ఉన్నాయి. పక్క సీటులో ఉన్నాయన పేరు పురుషోత్తం, కూకట్‌పల్లి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మీదేవూరని అడిగాడు. అన్న పిట్టముట్టుడుకు పోతున్నానని చెబితే సరదాగా బయల్దేరినవాళ్ల మధ్య బాగుండదని బాలరాజు బోయినపల్లి అన్నాడు. పురుషోత్తం సంతోషించాడు. పల్లె అంటే ఏమిటో తెలియకుండా బతికేశాం, మీరూ నేనూ ఒకటే అన్నాడు.

మేడ్చల్ దాటగానే సిద్దార్థ మైకు తీసుకున్నాడు. పల్లెల్లో మనుషులు ఒకరినొకరు పేర్లతో కాకుండా వరసలతో పిలుచుకుంటారని, ఊరంతా ఒకే కుటుంబమని, అక్కడ గొడవలంటూ ఉండవని చెప్పాడు. బస్సులో కొందరు తలలూపారు. బాలరాజు కిటికీలోంచి బయటికి చూశాడు.

భిక్నూర్ దగ్గర ధాబాలో టిఫిన్‌కు ఆపారు. ధాబా ముందున్న నులకమంచం మీద ఒక్కొక్కరూ కూర్చుని ఫొటో దిగారు. పిట్ట ముట్టేదాకా తినకూడదు కాబట్టి బాలరాజు ఇడ్లీ వద్దన్నాడు. ఉపవాసమా అని పురుషోత్తం అడిగితే అట్లాంటిదే అన్నాడు. అప్పుడే భూలక్ష్మి ఫోన్ చేసింది. విస్తరి పెట్టారట. ఎక్కడిదాకా వచ్చావంటే భిక్నూర్ అన్నాడు. ఏ బస్సంటే, బస్సే అన్నాడు.

కామారెడ్డిలో బెల్లం కోసం ఆపారు. దుకాణదారు బెల్లం ముద్దను తక్కెడలో పెడుతుంటే నలుగురు వీడియో తీశారు. వీడియో చాలలేదని దుకాణదారు చేత ఇంకోసారి పెట్టించారు. బాలరాజు సిద్దార్థ దగ్గరికి వెళ్లి, ఇంత మెల్లగా పోతే ఎట్లా అన్నాడు. పల్లె అంటేనే నిదానం సార్ అన్నాడు సిద్దార్థ. ఫోన్ మళ్లీ మోగింది.

భూలక్ష్మి గొంతు తగ్గించి మాట్లాడింది. అన్నం, మాంసం పెట్టారు. కాకి రాలేదు. కల్లు పోశారు, రాలేదు. శైలేందర్ బీడీ అంటించి విస్తరి పక్కన పెట్టాడు, బీడీ కాలిపోయింది గానీ కాకి రాలేదు.

"మీ చంద్రవ్వక్క అంటున్నది, నర్సన్న నీకోసమే సూస్తున్నడంట" అంది.

బాలరాజు బెల్లం దుకాణం అరుగు మీద కూర్చున్నాడు.

"ఎవరన్నరు?"

"అక్కనే అన్నది. ఇప్పుడు అందరు గదే అంటున్నరు."

"శైలేందర్ ఉన్నడా ఆడ?"

"ఉన్నడు."

"విన్నడా?"

"ఆయన పెట్టిన బీడీనే ముట్టకపాయె. ఇనకెక్కడికి పోతడు?"

బాలరాజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నాలుగేళ్లుగా ఆయన ఎదురుచూసిన పిలుపు ఇదే. ఫోన్ చేయని అన్న, పత్రికలో కింద పేరు వేయించిన అన్న, ఇప్పుడు ఊరందరి ముందు, శైలేందర్ ముందు, తమ్ముడు వస్తేగాని తిననని కూర్చున్నాడు. బాలరాజు బస్సెక్కి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. తొందర పోయింది. పల్లె అంటేనే నిదానం అని సిద్దార్థ అన్న మాటలో కొంత నిజం ఉందని కూడా తోచింది.

ఆ నెమ్మది లింగంపేట దాకా నిలవలేదు. తను చేరకముందే కాకి వచ్చి ముడితే? అప్పుడు ఎదురుచూసింది తనకోసం కాదని తేలిపోతుంది. శైలేందర్ పెట్టిన బీడీకో, వదిన వండిన మాంసానికో ఆ పేరు పోతుంది. తను వెళ్లి నిలబడ్డాకే కాకి దిగాలి. అది అందరూ చూడాలి. ముఖ్యంగా ఒకరు చూడాలి.

లింగంపేట దాటాక పొలం దగ్గర ఆపి అందరినీ నాటుకు దింపారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, నారు ఒక్కో పోచనూ ఇటు తిప్పీ అటు తిప్పీ చూస్తున్నారు. అందరూ నాటితేగాని బస్సు కదలదని తెలిసి బాలరాజు దిగాడు. వంగి, కట్ట విప్పి, తన వరుసా పురుషోత్తం వరుసా కలిపి నాటేసి గట్టెక్కాడు. సిద్దార్థ ఆయన్ని మైకులో మెచ్చుకున్నాడు. పట్నం మనిషి కూడా తలుచుకుంటే ఎంత త్వరగా నేర్చుకోవచ్చో ఈ సార్‌ను చూసి తెలుసుకోవాలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఎల్లారెడ్డి చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఊళ్లోకి వస్తుంటే ఒక ఫంక్షన్ హాలు దగ్గర పెళ్లి బండ్లు రోడ్డుకు అడ్డంగా ఉండి బస్సు ఆగిపోయింది. హాలు వెనక ఖాళీ జాగాలో తిన్న విస్తర్లు కుప్ప పోశారు. కుప్ప మీద కాకులు. గోడ మీద కాకులు. గోడ అవతలి రేకుల మీద కాకులు. రాత్రి విందుదీ పొద్దుటి విందుదీ కలిపి పారేసినట్టున్నారు. చుట్టుపక్కల ఊళ్లలో కాకి అన్నది మిగలకుండా అన్నీ అక్కడికే వచ్చినట్టున్నాయి.

బాలరాజు వాటినే చూస్తుండగా ఫోన్ వచ్చింది. ఇంకా ముట్టలేదని, షుగర్ ఉన్నవాళ్లు కూర్చుండిపోయారని, ఇక ఆ విస్తరి ఆవుకు పెట్టేద్దామని కొందరు అంటున్నారని భూలక్ష్మి చెప్పింది. కాకులన్నీ గిక్కడున్నయి అన్న మాట బాలరాజు నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"నేను వచ్చేదాక ఆవుకు పెట్టకుండ్రి" అన్నాడు.

పురుషోత్తం ఈ మాట విన్నాడు. ఆవుకు ఏం పెడుతున్నారని అడిగాడు. ఇక దాచడం కుదరలేదు. బాలరాజు చెప్పాడు. తనది ఇక్కడికి దగ్గరి ఊరేనని, అన్న పోయాడని, కాకి ముట్టడం లేదని. పత్రిక సంగతి మాత్రం చెప్పలేదు. బస్సులో అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించారు. ఆ నిమిషం అయ్యాక, మేమూ వచ్చి చూడవచ్చా అని ముందు సీట్లోంచి ఒకామె అడిగింది.

సిద్దార్థకు ఇది కలిసొచ్చింది. ఎల్లారెడ్డిలో కుండలు చేసే కార్యక్రమం చూపాలి, కుండలు చేసే ఆయన పెళ్లికి పోయాడు. అతను మైకు తీసుకుని, మన అతిథుల్లో ఒకరి కోరిక మీద, కార్యక్రమంలో లేని ఒక అరుదైన పల్లె ఆచారాన్ని చూడబోతున్నామని ప్రకటించాడు. దీనికి అదనపు చార్జీ లేదన్నాడు.

ఊరి బయట వాగు ఒడ్డున జనం రెండు గుంపులుగా ఉన్నారు. మగవాళ్లు తుమ్మచెట్టు నీడన, ఆడవాళ్లు గట్టు మీద. మధ్యలో ఇసుకలో విస్తరి. పైన కరెంటు తీగ మీద ఒకే ఒక్క కాకి. బస్సు ఆగి, బాలరాజు దిగి, ఆయన వెనక పచ్చ కండువాల వాళ్లు ఒక్కొక్కరూ దిగడం మొదలుపెట్టేసరికి అందరి తలలూ ఇటు తిరిగాయి.

ముందు మాట్లాడింది చంద్రవ్వ. ఆమె బాలనర్సయ్యకూ బాలరాజుకూ అక్క.

"నాలుగేండ్లు రానోనివి, ఇప్పుడు బస్సేసుకొని వచ్చినవా తమ్మి? గీ పచ్చ కండువ ఏంది, ఎలచ్చన్ల నిలవడ్డవా?"

బాలరాజు కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. స్టిక్కర్ సంగతి మరిచిపోయాడు. వదిన గంగమణి దగ్గరికి వచ్చి దాన్ని చదివింది.

"పల్లె అతిథి. ఎవరు రాసిండ్రో గని, ఉన్నదే రాసిండ్రు" అంది.

స్టిక్కర్ పీకితే జేబు గుడ్డ కూడా కొంచెం లేచి వచ్చింది. శైలేందర్ తుమ్మచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడుపుతాడు. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసి, వెంటనే కాకిని చూశారు.

బాలరాజు విస్తరికి కొంచెం దూరంలో ఆగి చేతులు జోడించాడు. మనసులో అనుకున్నది వేరు. తను వచ్చి నిలబడగానే కాకి దిగుతుంది, ఊరు చూస్తుంది, ఒక్క మాట కూడా అనాల్సిన పని ఉండదు.

"అన్నా, నేనొచ్చిన" అన్నాడు.

కాకి మెడ తిప్పింది. పచ్చ కండువాల వాళ్లు ఫోన్లు ఎత్తి రెండు అడుగులు ముందుకు వచ్చారు. కాకి తీగ మీద రెండు అడుగులు వెనక్కి జరిగింది.

"వచ్చిన అంటే సాలదు. ఎందుకు రాలేదో గది సెప్పు వానికి" అంది చంద్రవ్వ.

కాకులన్నీ ఫంక్షన్ హాలు వెనక ఉన్నాయని, ఉన్న ఒక్కటీ ఈ ఫోన్లకు బెదురుతోందని చెబితే అయిపోతుంది. అది నిజం కూడా. కానీ కాకి తనకోసమే చూస్తోందని పొద్దుటినుంచి ఒప్పుకున్నవాడు బాలరాజే. ఇప్పుడు కాకికి తనతో పనిలేదంటే, పొద్దున కూడా పనిలేనట్టే. ఆయన ఆడవాళ్ల వైపు చూశాడు. గట్టు మీద ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఏడుపు కాదు, ఆకలి. భూలక్ష్మి ఆయన వైపు చూడటం లేదు.

"పత్రిక మీద శైలేందర్ పేరే పైన ఉండనియ్యి అన్నా. నాకేం లేదు" అన్నాడు బాలరాజు.

ఆ మాట అనడానికి ఆయనకు నాలుగేళ్లు పట్టింది. కాకి దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు అందరూ శైలేందర్ వైపు తిరిగారు. గంగమణి కూడా తమ్ముడిని ఒకసారి చూసింది. శైలేందర్ చెప్పులు విడిచి ఇసుకలోకి వచ్చాడు.

"బావా" అన్నాడు విస్తరితో. "రాజు బావకు ఫోన్ చెయ్యకపోవుడు నా తప్పే. చెయ్యబుద్ధి గాలే, చెయ్యలే. పత్రిక మల్ల అచ్చేసుడైతే ఆయన పేరే పైన ఏయిస్త."

హారిక పెళ్లయి నాలుగేళ్లు. ఒక బిడ్డ కూడా. పత్రిక మళ్లీ అచ్చువేసే పని పడదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆ మాట అందరికీ నచ్చింది. కాకికి నచ్చలేదు. ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పాలా, దీనికి వరుస ఏమన్నా ఉంటుందా అని పురుషోత్తం సిద్దార్థను మెల్లగా అడిగాడు. ఉంటుంది సార్ అన్నాడు సిద్దార్థ. ఆ తర్వాత గడియారం చూసుకున్నాడు. నిజాంసాగర్ కట్ట మీద భోజనాలు చల్లారిపోతాయి. అందరినీ పిలిచాడు. పచ్చ కండువాలు ఎక్కాయి. సార్, మీ సీటు, అని సిద్దార్థ బాలరాజును కేకేశాడు. బాలరాజు రానని చెయ్యి ఊపాడు. బస్సు వెనక్కి తిరిగి, దుమ్ము లేపి, రోడ్డెక్కి, మలుపులో కనబడకుండా పోయింది.

చప్పుడు తగ్గింది. కాకి తీగ మీంచి దిగింది. ఇసుకలో గెంతి, ఇటూ అటూ చూసి, ముందు అన్నం ముట్టింది, తర్వాత మాంసం ముక్క ఎత్తుకుంది.

గట్టు మీద ఆడవాళ్లు ఒక్కసారిగా లేచారు. చంద్రవ్వ కళ్లు తుడుచుకుంది.

"ఇద్దరు కలిసిండ్రు. కండ్లార సూసిండు. తిన్నడు" అంది. అందరూ అదే అన్నారు. సాయంత్రానికల్లా ఊళ్లో, రేపటికి ఎల్లారెడ్డిలో అదే చెప్పుకుంటారు.

బాలరాజు కాకిని చూడటం లేదు, రోడ్డు మలుపు వైపు చూస్తున్నాడు. పక్కకు చూస్తే శైలేందర్ కూడా అటే చూస్తున్నాడు. ఇద్దరూ ఇళ్ల వైపు నడుస్తూ జనానికి కొంచెం వెనకబడ్డారు.

"బస్సు పోంగనే దిగింది బావా" అన్నాడు శైలేందర్.

"నేను సూడలే" అన్నాడు బాలరాజు.

శైలేందర్ ఆగి, చేతిలోని చెప్పులు కింద వేసి తొడుక్కున్నాడు.

"నేను గూడ సూడలే" అన్నాడు.

స్నానాలయ్యాక ఇంటి ముందు టెంటు కింద విస్తర్లు వేశారు. మొదటి వరుసలో మొదటి విస్తరి దగ్గర ఆలస్యం అయింది. శైలేందర్ బాలరాజును కూర్చోమన్నాడు, తోడబుట్టినవాడివి నువ్వే కదా అన్నాడు. మేనమామ ఉండగా నేనెట్లా కూర్చుంటానని బాలరాజు అన్నాడు. నువ్వు పెద్దోడివి అని శైలేందర్, పెళ్లి చేసిన చేతులు నీవి అని బాలరాజు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు, ఇద్దరూ తగ్గడం లేదు. వెనక నిలబడ్డవాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. అన్నం గంపలోంచి ఆవిరి రావడం ఆగిపోయింది.

గంగమణి లోపలినుంచి వచ్చింది. కాసేపు చూసింది. ఇద్దరి మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లి మొదటి విస్తరి ముందు కూర్చుంది.

"నువ్వు ముందంటే నువ్వు ముందని ఇంకో నాలుగేండ్లు నిలవడుండ్రి" అంది. "నేను మొన్నటిసంది తినలే."

ఆమె పక్కన ఒక విస్తరి, ఎదుటి వరుసలో ఆమెకు ఎదురుగా ఇంకో విస్తరి ఖాళీగా ఉన్నాయి. ఆ రెండింటిలో ఏది ముందో ఇప్పుడు చెప్పలేరు. ఇద్దరూ వాటిని చూసుకుని, ఒకేసారి కూర్చున్నారు. భూలక్ష్మి అన్నం గంప ఎత్తుకుని, వరుసకు అవతలి కొసకు వెళ్లి అక్కడినుంచి వడ్డించడం మొదలుపెట్టింది.